నాన్నగారి గాలి కాలువ

ఆ రోజుల్లో ఎండాకాలం వచ్చిందంటే మా బెజవాడ వాళ్ళకి వేరే ఊసుండేది కాదు. "ఈసారి ఎండలు నిరుటి కంటే ఎక్కువండీ" అని ఒకరంటే, "ఇదేం చూశారు, ఇంకా రోహిణి కార్తె రానివ్వండి" అని రెండోవారు బెదిరించేవారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. మా ఇంట్లో రోలు పగిలిన దాఖలా లేదు గానీ, మనుషులు మాత్రం ఒకళ్ళ మీద ఒకళ్ళు విరుచుకుపడేవాళ్ళు. ఇప్పటి పిల్లలు ఇల్లు కట్టుకుంటూ "గదికొక ఏసీ పెట్టించుకుందామా, ఇల్లంతటికీ కలిపి ఒక్కటే సెంట్రల్ పెట్టిద్దామా" అని కాఫీయా, టీయా అన్నంత తేలిగ్గా మాట్లాడుకుంటుంటే నాకు లోపల్లోపల నవ్వొస్తుంది. ఎందుకంటే డెబ్బైల్లో ఇదే ప్రశ్న మా ఇంటిని రెండు పార్టీలుగా చీల్చింది. అంతటితో ఆగకుండా నా పెళ్ళిని కూడా తుమ్మితే ఊడే ముక్కులా చేసి పెట్టింది. (ఈ సామెత ఇక్కడ ఎంత సరిగ్గా సరిపోయిందో మీకే తెలుస్తుంది, కాస్త ఓపిక పట్టండి.)

నాన్నగారు కాలువల శాఖలో ఓవర్‌సీరు. పటమటలో కొత్తగా డాబా ఇల్లు కట్టించారు. పెంకుటింట్లోంచి డాబాలోకి వచ్చామన్న గొప్ప మొదటి ఎండాకాలంతోనే ఆవిరైపోయింది. ఆ శ్లాబు పొద్దుటి నుంచీ ఎండని తాగి తాగి, సాయంత్రం మేం పక్కలు వేసుకునే వేళకి తీరిగ్గా మా మీద కక్కేది. ఫ్యాను వేస్తే పెనం మీద గాలి తిప్పి కొట్టినట్టుండేది. ఇది చూసి మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. ఆయనకి హనుమాన్ జంక్షన్‌లో ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టుండేది. రేకు డబ్బాలో ఒక ఫ్యాను, మూడు వైపులా వట్టివేళ్ళ తడికలు, కింద నీళ్ళు, అదీ కూలరు. "గదికొకటి పెట్టేద్దాం బావగారూ! ఎవరి గది వాళ్ళది, ఎవరి స్విచ్చి వాళ్ళది. ఇంకొకళ్ళ గోల ఉండదు" అన్నాడు. నాన్నగారు "ఆలోచిద్దాం" అన్నారు. ఆయన ఆలోచిద్దాం అన్నారంటే ఆ పని తనకి ముందు తట్టలేదని కోపం వచ్చిందని అర్థం.

సరిగ్గా ఆ వారమే ఊళ్ళో ఏసీ సినిమా హాలుకి మమ్మల్ని తీసుకెళ్ళారు. సినిమా ఏమిటో నన్నడగండి, చెప్తాను. నాన్నగార్ని మాత్రం అడక్కండి, ఆయన తెరవైపు చూడనే లేదు. మెడ వెనక్కి వాల్చి, గోడల మీద ఉన్న జాలీల్ని చూస్తూ కూచున్నారు. ఇంటర్వెల్‌లో మాయమైపోయారు. ఖాకీ ప్యాంటూ, చేతిలో టార్చిలైటూ, ఆ నడకా చూసి మేనేజరు ఎవరో తనిఖీ అధికారి అనుకుని, దణ్ణం పెట్టి మరీ మిషన్ల గది చూపించాట్ట! హీరోయిన్ మెళ్ళో మూడు ముళ్ళూ పడే వేళకి మళ్ళీ సీట్లోకి వచ్చారు. మొహం వెలిగిపోతోంది. "ఒక్కటే మిషనే!" అన్నారు అమ్మతో, హాలంతా వినబడేలా. "ఒక్కచోట నుంచి గొట్టాల్లో గాలి వదుల్తున్నాడు. అచ్చం మన కాలువే!" ముందు వరసలో ఆయన వెనక్కి తిరిగి "ఏమండీ, పెళ్ళవుతోంది, కాస్త చూడనివ్వండి" అన్నాడు పాపం.

ఆ రాత్రి నుంచీ ఇంట్లో యుద్ధం. నాన్నగారి లెక్క ప్రకారం గాలీ, నీళ్ళూ ఒకటే. వెనక వరండాలో హెడ్డు, అంటే కాలువ మొదలు, పెట్టి, తలుపుల పైనుంచి మెయిన్ కాలువ తీసుకెళ్ళి, గదికొక తూము పెడితే ఇల్లంతా ఆయకట్టు కిందికి వస్తుంది. "కృష్ణలో నీళ్ళు పారుతుండగా ఎవడన్నా ఇంటికో బావి తవ్వుకుంటాడా?" అని మావయ్యని నిలదీశారు. మావయ్య తక్కువ తిన్నాడా? "బావి నీళ్ళు నా చేతిలో ఉంటాయి బావగారూ. కాలువ నీళ్ళు మీ డిపార్టుమెంటు చేతిలో ఉంటాయి" అన్నాడు. అంతే, ఇద్దరికీ మాటలు బంద్. కాఫీ గ్లాసులు అమ్మే అటూ ఇటూ మోసింది. నాయనమ్మ "మీ తాతయ్య తాటాకు విసనకర్రతో బతికినన్నాళ్ళూ రాజాలా బతికారు" అని తన ఓటు మూడో పార్టీకి వేసేసింది. అమ్మ ఒక్కటే అడిగింది, "ఏమండీ, వంటింటికి తూము ఎక్కడ?" అని. "వంటింట్లో గాలి వదిలితే కిరసనాయిలు పొయ్యి ఆరిపోతుంది. అది ఆయకట్టులో లేదు" అన్నారు నాన్నగారు. ఆ పూట పప్పులో ఉప్పు లేదు, మర్నాడు చారులోనూ లేదు.

గుడివాడ వైపు ఏదో రైసుమిల్లులో తవుడు ఎగరగొట్టే పాత బ్లోయరు దొరికింది. దాన్ని వెనక వరండాలో పెద్ద చెక్కపెట్టెలో బిగించారు. గాలి లాక్కునే పెట్టె మూతికి వట్టివేళ్ళ తడిక, దాని మీదికి డ్రమ్ములోంచి బొట్లు బొట్లుగా నీళ్ళు. అక్కణ్ణుంచి రేకు గొట్టం ముందు నాయనమ్మ గదిలోంచి, తరవాత నా గదిలోంచి, అమ్మా నాన్నగార్ల గదిలోంచి పాకి ముందు హాల్లో తేలింది. గదికొక తూము, తూముకొక చెక్క తలుపు, దానికొక తాడు. ఆ తాళ్ళు ఎత్తడం, దించడం నా ఉద్యోగం. కాలువల మీద ఆ పని చేసేవాణ్ణి లస్కరు అంటారు. బీయస్సీ ఫస్టు క్లాసులో ప్యాసైన దాన్ని మా ఇంట్లో లస్కరుగా కుదిరాను. మొదటి రోజు స్విచ్చి వేస్తే, నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది! మిల్లాడినట్టు చప్పుడైతే అయ్యింది గానీ, తడిసిన వట్టివేళ్ళ వాసనతో చల్లటి గాలి అలా నెత్తిన పడుతుంటే నేనూ, నాయనమ్మా తూము కింద నిలబడి చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. నాన్నగారు మీసం సవరించుకుంటూ "ఊఁ" అన్నారు. ఆ ఒక్క "ఊఁ"లో మావయ్యకి వెయ్యి జవాబులున్నాయి.

మూడో రోజు నుంచీ కాలువ తన బుద్ధి చూపించడం మొదలెట్టింది. హెడ్డు దగ్గర నాయనమ్మ, ఆవిడ తూము పూర్తిగా ఎత్తుకుంటే కింద అందరికీ ఎండిపోయేది. కాలువ చివర శివారు భూములకి నీళ్ళందవని మా జిల్లాలో పిల్లల్నడిగినా చెబుతారు. ఆ సంగతి జిల్లా అంతా తిరిగి రైతులకి నచ్చజెప్పే నాన్నగారే తన పడక్కుర్చీని శివారు హాల్లో వేసుకున్నారు! మధ్యాహ్నం కునుకు పట్టేలోపు చెమటకి లేచి, "పైనెవరో తూము ఎత్తారు!" అని కేకలు. "ఎవరో ఏమిట్రా, నేనే ఎత్తా. కన్నతల్లిని ఉడకేస్తావా?" అని నాయనమ్మ. ఈ సంభాషణంతా గొట్టంలోంచే జరిగేది. అదో విచిత్రం. బ్లోయరు ఆపితే చాలు, హాల్లో గుసగుసలాడినా నా గదిలో తూము దగ్గర స్పష్టంగా వినిపించేది. అమ్మ గదిలో కూచుని నాన్నగారి మీద సణుక్కున్నదల్లా హాల్లో పడక్కుర్చీకి చేరేది. (మా ఇంట్లో అంతకు ముందు ఎన్నడూ లేని మర్యాద ఆ నెల రోజులూ ఉండడానికి కారణం ఇదే.)

ఈ గోల మధ్యలో నాకొక సంబంధం వచ్చింది. వచ్చింది అంటే, ఊరికే రాలేదు. నా స్నేహితురాలి పెళ్ళి కూచిపూడి దగ్గర వాళ్ళ ఊళ్ళో అయినప్పుడు, వాళ్ళన్నయ్య పులిహోర వడ్డిస్తూ నా విస్తట్లో రెండుసార్లు వడ్డించాడు. "చాలండీ" అంటే "అందరూ అలాగే అంటారు, తరవాత మళ్ళీ అడుగుతారు" అని మూడోసారి వడ్డించబోయాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారట. నేను ఆ పులిహోరంతా తిన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదనుకుంటా. మా స్నేహితురాలు గడుసుది. నా మొహం చూసి, వాళ్ళ నాన్నగారితో ఏం చెప్పిందో ఏమో, రెండు నెలలు తిరిగేసరికి పెళ్ళిచూపులకి వస్తున్నామని కబురొచ్చింది. పైకి "మీ ఇష్టం నాన్నగారూ" అన్నాను. లోపల మాత్రం ఈ సంబంధం తప్పిపోతే ఇంకెవర్నీ చేసుకోనని ఒట్టు పెట్టుకున్నాను. నాకు ఆయనే కావాలి, అంతే.

సాయంత్రం నాలుగింటికి వస్తామన్నవాళ్ళు ఎండకి భయపడి మొదటి బస్సెక్కి పొద్దున్నే దిగిపోయారు. పెళ్ళికొడుకు, ఆయన తండ్రి హెడ్మాస్టరుగారు, హెడ్మాస్టరుగారి అక్కగారు. మా స్నేహితురాలు ముందే చెప్పింది, "మా నాన్న బళ్ళో పులి, మా అత్తయ్య ముందు పిల్లి. ఆవిడ శకునం చూడందే గడప దాటం" అని. అదే పొద్దున మా ఇంట్లో ఆవకాయ. మావిడికాయలు కొట్టేసి ఉన్నాయి, ముక్కలు తుడిచి ఆరబెట్టి ఉన్నాయి, ఇక నాయనమ్మ ఎవరొచ్చినా ఆగదు. "పెళ్ళివారికి కొత్తావకాయ వెయ్యకపోతే మనం మనుషులమేనా?" అని ఎదురు దబాయించింది. ఇంతలో కరెంటు పోయింది. ఆవిరికి ఇల్లంతా ఉడికిపోతోంది. డ్రమ్ము కింద వరండా గచ్చొక్కటే తడిగా, చల్లగా ఉంది. నాయనమ్మ జల్లెడా, చేటా తీసుకుని అక్కడికి చేరింది. అంతకు ముందే అమ్మ, వట్టివేళ్ళ తడిక ఎండిపోయిందని ఊడదీసి, నీళ్ళ తొట్టిలో నానేసింది. తెరుచుకుని ఉన్న ఆ పెట్టె మూతికి ఎదురుగా కూచుని, నాయనమ్మ గుంటూరు కారం, ఆవపిండి జల్లించడం మొదలెట్టింది.

హాల్లో నాన్నగారు ఈ సంగతేదీ ఎరగరు. పై తూములన్నీ నా చేత దింపించి, హాలు తూమొక్కటే పూర్తిగా ఎత్తించి, స్విచ్చి వేసే ఉంచారు. "కరెంటు రాగానే మొదటి తడి మీకేనండీ" అన్నారు హెడ్మాస్టరుగారితో. గౌరవం కొద్దీ ఆయన్ని సరిగ్గా తూము కింద కుర్చీలో కూచోబెట్టారు. ఆయన పక్కన అక్కగారు. పెళ్ళికొడుకు దూరంగా కిటికీ దగ్గర. మావయ్య గుమ్మం దగ్గర నిలబడి, బావగారి కాలువ ఎప్పుడు గండి పడుతుందా అని చూస్తున్నాడు. నేను తల దించుకుని చాప మీద కూచున్నాను. ఆ అక్కగారే, వాళ్ళ అత్తయ్యగారు, ప్రశ్నలు మొదలెట్టారు. పాటొచ్చా? రాదండి. కుట్లొచ్చా? బొత్తాలు కుడతానండి. కిటికీ వైపు నుంచి చిన్న నవ్వు వినిపించింది. నాకు ధైర్యమొచ్చింది. హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని, "ఇంక నాన్చడం దేనికండీ, మాకు అమ్మాయి—" అన్నారు.

కరెంటొచ్చింది. వెనక వరండాలో మిల్లు మొదలైంది. నాన్నగారు "ఆఁ!" అని ఆనందంగా తూము వైపు చెయ్యి చూపించారు. తూములోంచి ఎర్రటి మబ్బొకటి మెల్లిగా దిగింది. హెడ్మాస్టరుగారి నోట్లో "నచ్చింది" అనే మాట ఉందో, "నచ్చలేదు" అనే మాట ఉందో గానీ, దాని బదులు ఒక తుమ్ము బయటికొచ్చింది. ఒకే ఒక్క తుమ్ము! ఇంటి పునాదులు కదిలాయి.

"ఒంటి తుమ్ము!" అన్నారు అత్తయ్యగారు, గుండె మీద చెయ్యి వేసుకుని. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒంటి తుమ్ము అంటే ఆ పని ఇక అక్కడితో సరి. జంట తుమ్మయితే శుభం. ఆ రెండో తుమ్ము కోసం నేను ఎవరెవరికి మొక్కుకున్నానో! హెడ్మాస్టరుగారు ముక్కు పట్టుకుని గుడ్లు తేలేసి చూస్తున్నారు గానీ, రెండోది రావట్లేదు. అప్పుడు కిటికీ దగ్గర నుంచి "హాచ్" అని వినిపించింది. నేను ఓరగా చూశాను. మబ్బింకా ఆ మూలకి చేరనే లేదు. పైగా అంత పొడి పొడిగా, అంత మర్యాదగా తుమ్మిన మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు. అత్తయ్యగారు కూడా అటు తిరిగి "ఒరేయ్—" అన్నారు. అంతే, ఆవిడకీ అందింది. తరవాత ఎవరికీ ఎవరూ కనబడలేదు. అందరికీ తుమ్ములే, అందరి కళ్ళా నీళ్ళే. వెనక నుంచి నాయనమ్మ "ఓరి నాయనో, నా కారమంతా లాగేసుకుంటోంది రోయ్, ఆపండ్రోయ్!" అని అరుస్తోంది. మావయ్య తుమ్ముతూనే పరిగెత్తి ఫ్యూజు పీకేశాడు. "చూశారా బావగారూ" అని మొదలెట్టాడు గానీ, పాపం, తుమ్ములు వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదు.

అమ్మ నన్ను నా గదిలోకి లాక్కుపోయి మొహం కడిగింది. బ్లోయరు ఆగింది కాబట్టి హాల్లో మాటలు గొట్టంలోంచి వస్తాయని నాకు గుర్తొచ్చింది. పీట వేసుకుని, ఎక్కి, నా తూము తలుపెత్తి చెవి పెట్టాను. "ఛీ, దిగవే" అంది అమ్మ. తరవాత "ఏమంటున్నారు?" అని తనూ పీటెక్కింది.

"ఎన్నయినా చెప్పండి, మొదటిది ఒంటిదే. తరవాతవి కారం తుమ్ములు, లెక్కలోకి రావు. లేవరా తమ్ముడూ, ఎండెక్కకుండా బస్సు పట్టుకుందాం" అంటున్నారు అత్తయ్యగారు. హెడ్మాస్టరుగారు "అలాగే అక్కయ్యా" అన్నారు. కుర్చీ జరిగిన చప్పుడు. అయిపోయిందనుకున్నాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అత్తయ్యా, కూచో. నాన్న తుమ్మగానే నేనూ తుమ్మాను. జంట తుమ్మే" అంటున్నారు ఆయన.

"నీది దొంగ తుమ్మురా. నాకు తెలీదనుకున్నావా? బడి ఎగ్గొట్టడానికి చిన్నప్పుడు దగ్గావే, అచ్చం అలాగే తుమ్మావు."

నేను తూములోకి తల ఇంకాస్త దూర్చాను.

"దొంగ తుమ్మే అత్తయ్యా. ఆ అమ్మాయి నాకు నచ్చింది. నాన్న ఒక్క తుమ్ముతో ఊరుకున్నాడు. మరి నన్నేం చెయ్యమంటావు?"

"అడ్డగాడిదా! ఆ ముక్క నోటితో ఏడవచ్చుగా, ముక్కుతో చెప్పడం దేనికి?" అన్నారు అత్తయ్యగారు. అని, ఆవిడే పక్కున నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఆవిడకి మళ్ళీ రెండు తుమ్ములొచ్చాయి, ఒకదాని వెంట ఒకటి. "ఇదిగో, ఇవి నావి. ఇవి అసలు సిసలు జంట. తాంబూలాలు పుచ్చుకోండి" అని తేల్చేశారు.

భోజనాల దగ్గర హెడ్మాస్టరుగారు కొత్తావకాయ కలుపుకుంటూ, "ఓవర్‌సీరుగారూ, కాలువ మంచిదే. కాకపోతే పైవాడు గేదెల్ని కడిగితే కిందివాళ్ళంతా ఆ నీళ్ళే తాగాలి" అన్నారు. ఆ మర్నాడు బ్లోయరు గుడివాడ వెళ్ళిపోయింది. మావయ్య విజయగర్వంతో పెళ్ళికి గదికొక కూలరు దించాడు. అన్నీ ఒక్కసారి వేసేసరికి మా ఇంట్లోనే కాదు, వీధి వీధంతా కరెంటు పోయింది. మా పెళ్ళి పెట్రోమాక్సు లైట్ల వెలుగులో, నాయనమ్మ తాటాకు విసనకర్రల గాలికి జరిగింది. (నాయనమ్మ పార్టీ గెలిచిందని ఆవిడ పోయేదాకా చెప్పుకుంది.) వంటింట్లో మాత్రం నాన్నగారు ఎవరితోనూ చెప్పకుండా కిటికీ పెద్దది చేయించి ఒక ఫ్యాను పెట్టించారు. అమ్మ దాని కింద నిలబడి "ఊఁ" అంది.

ఇంతకీ ఆ రోజు, తాంబూలాల మాట వినగానే, నేను పీట దిగి మంచం మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషానికి అంత ఏడుపొస్తుందని అప్పటిదాకా నాకు తెలీదు. అప్పుడే నాయనమ్మ లోపలికొచ్చి, "అయ్యో నా తల్లే, కారం ఇంకా మండుతోందా? ఈ పాపం నాదేనే" అంటూ మీగడ తెచ్చి నా కళ్ళకి రాసింది. ఇల్లంతా ఎర్రటి కళ్ళే, ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో ఎవరికి తెలుస్తుంది? "అవును నాయనమ్మా, బాగా మండుతోంది" అన్నాను. నా మాట నమ్మి, పాపం, ఆవిడ చాలాసేపు ఊదుతూ కూచుంది. కళ్ళ నిండా మీగడతో, నవ్వాపుకోలేక ఏడుస్తున్న ఆ పిల్ల ఇప్పటికీ అప్పుడప్పుడూ నాకు కనిపిస్తుంటుంది. దాని పక్కన కూచుని నేను కూడా కాసేపు ఊదాలనిపిస్తుంది.